గోరంత రాయి.. కొండంత వాదం

బొటనవేలి గోరు మీద పెడితే చుట్టూ ఇంకా చోటు మిగులుతుంది. అంత చిన్న రాయి అది. నెలవంక ఆకారం. వంపు తిరిగిన వైపు ఎవరో పనిగట్టుకుని చిన్నచిన్న పెచ్చులు లేపి మొద్దు చేశారు. తిన్నగా ఉన్న వైపు మాత్రం అలాగే వదిలేశారు. ఆ అంచు మీద వేలు ఆనిస్తే ఇవాళ్టికీ తెగుతుంది. పురావస్తు శాస్త్రంలో దీన్ని సూక్ష్మశిలా పరికరం అంటారు.

ఇంత చిన్న రాయి ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న మీద కేంబ్రిడ్జి నుంచి ధార్వాడ దాకా పండితులు వాదించుకున్నారు. ఆ వాదానికి కేంద్రం తెలుగు నేలే. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే పల్లె. అలాంటి రాయి తయారు కావడానికి కావలసిన ముడిసరుకు మాత్రం అక్కడే కాదు, ఇక్కడ మన కామారెడ్డి జిల్లా పడమటి అంచున, బిచ్కుంద పక్క నుంచి పారే మంజీరలోనూ కొట్టుకొస్తూ ఉంటుంది.

రాతియుగం పాఠంలో బిచ్కుంద పేరు రాదు. పంటల వార్తల్లో వస్తుంది, ఇసుక లారీల వార్తల్లో వస్తుంది. తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిసిన మాట గురించి రాసేటప్పుడు వస్తుంది. అయినా ఈ కథ బిచ్కుంద నుంచే చెప్పాలనిపించడానికి కారణం నేల.

రేగడి కింద ఏముంది?

కామారెడ్డి నుంచి పడమటికి బయల్దేరండి. మొదట ఎర్రనేలలు, గ్రానైటు గుట్టలు, గుండ్లు. బాన్సువాడ దాటి బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ వైపు వెళ్తున్నకొద్దీ నేల రంగు మారుతుంది. నల్లరేగడి మొదలవుతుంది. పత్తి, కంది, సోయా చేలు వస్తాయి. ఈ రేగడికి తల్లి బసాల్టు రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి నెర్రెలు విచ్చి లావా పొరలు పొరలుగా పారింది. మహారాష్ట్ర అంతటా పరుచుకున్న ఆ దక్కన్ లావా తూర్పు అంచుల్లో ఒకటి మన దగ్గర ముగుస్తుంది.

లావా చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి బుడగలు ఖాళీలుగా మిగిలాయి. తర్వాతి కాలంలో నీళ్లతోపాటు సిలికా ఆ ఖాళీల్లోకి దిగి, పొర మీద పొరగా గడ్డకట్టింది. అదే అగేటు. చారలు లేకుండా పాలరంగులోనో తేనెరంగులోనో ఉంటే చాల్సెడొనీ, ఎర్రగా మందంగా ఉంటే జాస్పర్. ఊళ్లలో వీటన్నిటినీ కలిపి చెకుముకి రాళ్లనే అంటారు. బసాల్టు ఎండకూ వానకూ అరిగి మట్టి అయిపోతుంది. ఈ గట్టి గడ్డలు అరగవు. విడివడి వాగుల్లో పడి, దొర్లుకుంటూ నదిలోకి చేరతాయి.

మంజీర పుట్టిందే ఆ లావా కొండల్లో. మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, మెదక్ ప్రాంతంలో ఉత్తరానికి మళ్లి, నిజాంసాగర్ దాటి, బిచ్కుంద పొలిమేరలు తాకుతూ పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల ప్రయాణం. అందులో ఎక్కువ భాగం బసాల్టు నేల మీదే. అందుకే ఇసుక జల్లించాక పక్కన మిగిలే గులకరాళ్ల కుప్పలో గాజులా మెరిసే రాళ్లు కనిపిస్తుంటాయి. పిల్లలు ఏరుకుంటారు, పెద్దవాళ్లు పట్టించుకోరు.

రాతియుగం మనిషి పట్టించుకున్నాడు. గ్రానైటు పగిలితే పలుకులు రాలుతాయి, అంచు రాదు. పలుగురాయి పగులుతుంది కానీ చెప్పినట్టు వినదు. చాల్సెడొనీ చెప్పినట్టు వింటుంది. దెబ్బ ఎక్కడ వేస్తే అక్కడి నుంచి, ఎటు కావాలంటే అటు, సన్నటి పెచ్చుగా లేస్తుంది.

ఒక రాయి, ఇరవై అంచులు

సూక్ష్మశిల తయారీని దగ్గరగా చూస్తే దాన్ని తలపెట్టినవాడి బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది. మొదట నిమ్మకాయంత గడ్డ తీసుకుని ఒక వైపు నరికినట్టు చదును చేస్తాడు. అది దెబ్బ వేయడానికి పీట. పీట అంచున కొమ్ముతోనో ఎముకతోనో అదిమి నొక్కితే, గడ్డ పొడవునా సన్నటి రాతి రేకు ఊడి వస్తుంది. ఊడిన చోట గడ్డ మీద నిలువుగా ఒక గట్టు మిగులుతుంది. తర్వాతి రేకు ఆ గట్టు వెంట లేస్తుంది. దాని పక్కన ఇంకొకటి. అలా చుట్టూ లేపుకుంటూ పోతే చివరికి గాడులు పడ్డ చిన్న దిమ్మె మిగులుతుంది. దాన్ని పారేస్తాడు. మనకు దొరికేవాటిలో ఆ దిమ్మెలూ ఉంటాయి.

రేకును తుంచి, ఒక అంచును మొద్దు చేస్తాడు. పదునైన రాయిని మొద్దు చేయడం ఎందుకు? అక్కడే ఉంది కిటుకు. ఈ రాయి ఒంటరిగా పనిచేయదు. కర్రకో ఎముకకో గాడి తీసి, చెట్టు బంకతో ఇలాంటి నాలుగైదు ముక్కలు వరసగా అతికిస్తారు. మొద్దు అంచు బంకలో కూరుకుంటుంది, పదునైన అంచు బయట ఉంటుంది. వరసగా పెడితే కొడవలి, మొనకు పెడితే బాణం, పక్కలకు పెడితే ముళ్ల ఈటె. ఒక ముక్క విరిగితే పనిముట్టంతా పారేయక్కర్లేదు. షేవింగ్ సెట్లో బ్లేడు మార్చినట్టు ఆ ఒక్కటీ మారిస్తే సరి.

దీనికంటే ముందు లక్షల ఏళ్లు నడిచింది చేతిగొడ్డలి కాలం. అరచేయి నిండా పట్టే పెద్ద రాయి, బాదంకాయ ఆకారం, రెండు వైపులా చెక్కిన అంచు. చెన్నై పక్కన అత్తిరంపాక్కంలో శాంతి పప్పు బృందం తవ్విన చేతిగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ప్రకటించారు. ఆధునిక మానవజాతి అప్పటికి పుట్టనే లేదు. చేతిగొడ్డలి తర్వాత పెచ్చుల పనిముట్లు, ఆ తర్వాత ఈ సూక్ష్మశిలలు. పనిముట్టు చిన్నదవుతున్నకొద్దీ దాని వెనక ఆలోచన పెద్దదవుతూ వచ్చింది.

తెలుగు నేల మీద తయారైన వరస

భారతదేశంలో రాతియుగం ఉందని మొదట చూపినవాడు రాబర్ట్ బ్రూస్ ఫూట్. భారత భూగర్భ సర్వే ఉద్యోగి. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఒక చేతిగొడ్డలి ఏరుకున్నాడు. అది అందరికీ తెలిసిన కథే. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది, మనకు దగ్గరది. 1865లో అదే సర్వేకు చెందిన వైన్ అనే అధికారికి గోదావరి గట్టున, పైఠాన్ సమీపంలోని ముంగి దగ్గర ఒక అగేటు పెచ్చు దొరికింది. మనిషి చేసిన పనిముట్టు అది, అంతరించిపోయిన జంతువుల ఎముకలున్న నదీ నిక్షేపాల్లో. అంటే ఫూట్ మొదటి రాయి తర్వాత రెండేళ్లకే దక్కన్ లావా నేల తన వంతు సాక్ష్యం ఇచ్చింది. అదే గోదావరి దిగువకు వచ్చి కందకుర్తిలో మన మంజీరను కలుపుకుంటుంది.

తర్వాత కమియాడ్. కర్నూలు ప్రాంతంలో పనిచేసిన ఆంగ్ల ప్రభుత్వ అధికారి. నల్లమల కనుమల్లో, వాగుల వెంట తిరిగి గుట్టలు గుట్టలుగా రాతి పనిముట్లు పోగేశాడు. కేంబ్రిడ్జి పండితుడు మైల్స్ బర్కిట్‌తో కలిసి 1930లో వాటిని నాలుగు వరసలుగా పేర్చి ప్రచురించాడు. చేతిగొడ్డళ్లు, పెచ్చులు, పలుచని రేకులు, చివరగా సూక్ష్మశిలలు. తర్వాత దశాబ్దాల పాటు దేశంలో రాతియుగం గురించి రాసినవాళ్లంతా ఈ వరసనే అనుసరించారు, సవరించారు, కాదన్నారు. ఆ నిచ్చెన మెట్లు మన నల్లమలవి. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పాల్సింది.

అయితే ఆ వరసలో సూక్ష్మశిలకు దక్కింది చివరి మెట్టు. మంచుయుగం ముగిశాక, సుమారు పదివేల ఏళ్ల కిందట పుట్టిన పనిముట్టుగా దాన్ని మధ్యశిలాయుగంలో వేసేశారు. డిగ్రీ పరీక్షల్లో అలాగే రాశాం, మార్కులూ వేశారు.

బూడిద కింద, బూడిద పైన

ఆ లెక్కను తిరగరాసింది జ్వాలాపురం. జుర్రేరు అనే చిన్న ఏటి లోయ, యాగంటి క్షేత్రానికి దగ్గర. అక్కడ నేల కింద తెల్లటి బూడిద పొర ఉంది. ఊరివాళ్లు ఆ బూడిదను తవ్వి, గిన్నెలు తోమే పొడి కోసం అమ్ముకునేవారు. ఆ బూడిద మన అగ్నిపర్వతానిది కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా పేలినప్పుడు గాలిలో ఎగిరి వచ్చి ఇక్కడ రాలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంతటి పేలుడు ఇంకోటి జరగలేదు.

పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ నాయకత్వంలో ఒక బృందం ఇక్కడ తవ్వింది. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైనా దొరికాయి. రెండూ దాదాపు ఒకే బాణీ. అంటే ప్రళయం వచ్చి పోయినా ఇక్కడి మనిషి పనిముట్లు చేసే పద్ధతి తెగిపోలేదు. 2007లో సైన్స్ పత్రికలో ఈ సంగతి అచ్చయ్యాక జ్వాలాపురం పేరు ప్రపంచమంతా తిరిగింది.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఆ లోయలోనే ఉన్న ఒక రాతి చరియ నీడ. పరిశోధకుల లెక్కలో తొమ్మిదో స్థలం. అక్కడ మూడు మీటర్లకు పైగా లోతు తవ్వితే అడుగు నుంచి పైదాకా సూక్ష్మశిలలే. వాటితోపాటు పూసలు, జంతువుల ఎముకలు, కాలిన మనిషి పుర్రె ముక్కలు. అడుగు పొరల వయసు రేడియోకార్బన్ పద్ధతిలో లెక్కగడితే సుమారు 35 వేల ఏళ్లు తేలింది. 2009లో ఆంటిక్విటీ పత్రికలో క్రిస్ క్లార్క్‌సన్ తదితరులు ఈ వివరాలు ప్రచురించారు. పదివేల ఏళ్లనాటిదని పాఠాల్లో చదువుకున్న పనిముట్టు ఒక్కసారిగా మూడున్నర రెట్లు పాతదైంది. మధ్యశిలాయుగానిది కాదు, మంచుయుగం నట్టనడిమిదని తేలింది.

ఎక్కడ పుట్టింది?

అక్కడి నుంచి వాదం మొదలైంది. పెట్రాగ్లియా బృందం 2009లో తమ వివరణ ఇచ్చింది. 35 వేల నుంచి 28 వేల ఏళ్ల మధ్య ఈ ఉపఖండంలో జనాభా బాగా పెరిగినట్టు తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏ చెబుతోంది. సరిగ్గా అప్పుడే వాతావరణం ఎండుముఖం పట్టింది. తినే నోళ్లు పెరిగాయి, వేట తగ్గింది. తక్కువ రాయితో ఎక్కువ అంచు రాబట్టే పద్ధతి అవసరమైంది. కాబట్టి సూక్ష్మశిల ఇక్కడే, అవసరం కొద్దీ పుట్టింది. ఎక్కడి నుంచో రాలేదు.

కేంబ్రిడ్జి పండితుడు పాల్ మెలర్స్ ఒప్పుకోలేదు. దక్షిణాఫ్రికాలో 60 వేల ఏళ్లకు పూర్వమే ఇలాంటి నెలవంక రాళ్లున్నాయి. అక్కడి నిప్పుకోడి గుడ్డు పెంకుల మీద గీసిన అడ్డగీతల లాంటివే మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లా పాట్నేలో ఎస్.ఎ. సాలి తవ్వకాల్లో దొరికిన పెంకు మీదా ఉన్నాయి. అందుచేత 60 - 50 వేల ఏళ్ల మధ్య ఆఫ్రికా నుంచి సముద్రతీరం వెంట వచ్చిన మనుషులే ఈ విద్యను మోసుకొచ్చారని ఆయన బృందం 2013లో రాసింది. మరి ఆ తీరం వెంట గుర్తులేవీ? అప్పటి తీరం ఇప్పుడు నీళ్లలో మునిగి ఉందన్నది వాళ్ల జవాబు. కాదనలేం, నిరూపించనూలేం. ఇలాంటి జవాబులంటే నాకు కొంచెం అనుమానం.

నిప్పుకోడి మన దేశంలో ఎక్కడిదని అడగొచ్చు. ఉండేది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పెంకుల నుంచి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ తీసి, అవి ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి చుట్టాలవేనని 2017లో నిర్ధారించారు. మనుషుల సంగతిలోనూ సీసీఎంబీకి వాటా ఉంది. తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 2005లో అండమాన్ ఆదివాసుల డీఎన్‌ఏ పరిశీలించి, ఆఫ్రికా నుంచి దక్షిణపు దారిన చాలా ముందుగా వచ్చినవారి వారసులని చెప్పారు. మనిషి ఆఫ్రికా నుంచి వచ్చాడన్నదాని మీద ఇక్కడ పేచీ లేదు. వచ్చేటప్పుడు ఈ గోరంత రాయి సంచిలో తెచ్చుకున్నాడా, వచ్చాక ఇక్కడ చేసుకున్నాడా అన్నదే పేచీ.

ఆ తర్వాత వచ్చిన లెక్కలు రెండు వర్గాలనూ ఇరుకున పెట్టాయి. మధ్యప్రదేశ్‌లోని మెహతాఖేడిలో సూక్ష్మశిలల వయసు 45 వేల ఏళ్లని 2013లో తేలింది. సోన్ నది లోయలోని ధాబాలో 48 వేల ఏళ్లని 2020లో ప్రకటించారు. అక్కడ 80 వేల ఏళ్ల నుంచి మనిషి పనిముట్లు వరసగా దొరుకుతున్నాయి, సూక్ష్మశిలలు ఆ వరసలో తర్వాత వచ్చి చేరాయి. శ్రీలంకలో ఫాహియన్ గుహలోనూ దాదాపు 48 వేల ఏళ్లు. పైగా ఫాహియన్ గుహ చుట్టూ ఉన్నది దట్టమైన వానల అడవి. అక్కడివాళ్లు కోతుల్నీ ఉడుతల్నీ వేటాడారు. కరువుతో పనిలేదు.

కాబట్టి కరువు పుట్టించిందన్న మాట జ్వాలాపురానికి సరిపోవచ్చు కానీ దేశమంతటికీ సరిపోదు. ఆఫ్రికా నుంచి తీరం వెంట వచ్చిందన్న మాటా నిలబడటం కష్టం. ఎందుకంటే ఒక వైపు మొద్దు చేసిన ఇలాంటి చిన్న రాళ్లు ఆస్ట్రేలియా ఆదివాసులు కూడా చేశారు, అదీ గత కొన్ని వేల ఏళ్లలో విరివిగా. వాళ్లకు అప్పుడు ఆఫ్రికా నుంచి ఎవరూ వచ్చి నేర్పలేదు. మంచి రాయి, అతికించే బంక, వేగంగా పరుగెత్తే వేట. ఈ మూడూ ఉన్నచోట మనిషి చేతికి ఈ ఆలోచన మళ్లీ మళ్లీ తట్టింది. పెంకు మీద అడ్డగీతలు రెండు ఖండాల్లో కనిపించాయని చుట్టరికం కలపడం తొందరపాటే. గోడ మీద బొగ్గుతో ఏ పిల్లవాడైనా అలాంటి గీతలే గీస్తాడు. సూక్ష్మశిల ఇక్కడివాళ్లే ఇక్కడి రాయితో చేసుకున్నదన్న వైపే నేను మొగ్గుతాను. ఒక్కసారి కాదు, ఒక్కచోటా కాదు.

మరి మంజీర?

బిచ్కుంద మళ్లీ వస్తుంది ఇక్కడే. పాట్నే మనిషి వాడింది చాల్సెడొనీ, జాస్పర్. ముంగిలో దొరికింది అగేటు. అన్నీ లావా నేల బిడ్డలే. ఇదే మంజీర ఎగువన, లాతూరు జిల్లాలో, నది గట్లలో ఏనుగు జాతి, నీటిగుర్రం, అడవి ఎద్దుల శిలాజాలు బయటపడ్డాయి. మంజీరలో నీటిగుర్రం! ఇప్పటి మంజీరను మే నెలలో చూసినవాళ్లు నమ్మరు. అంటే నది ఉంది, వేట ఉంది, మంచి రాయి ఉంది. ఇంతకంటే అనువైన చోటు కోసం ఆ మనిషి ఎక్కడ వెతుక్కుంటాడు?

చిక్కేమిటంటే, సూక్ష్మశిల ఒక్కటే దొరికితే దాని వయసు చెప్పలేం. 35 వేల ఏళ్లనాటి నెలవంకా, 4 వేల ఏళ్లనాటి తొలి రైతు కొడవలి పన్నూ పక్కపక్కన పెడితే చూపుకు ఒకేలా ఉండొచ్చు. దక్కన్‌లో రాగి వాడకం మొదలయ్యాక కూడా చాల్సెడొనీ రేకులు చేస్తూనే ఉన్నారు. వయసు చెప్పేది రాయి కాదు, అది పడి ఉన్న పొర. పక్కనున్న గుల్ల, బొగ్గు, ఇసుక రేణువు. జ్వాలాపురం విలువ అక్కడి రాళ్లలో కంటే చెక్కుచెదరని పొరల్లోనే ఉంది.

నది గట్లలో ఆ పొరలు ఉండేది ఇసుకా గులకరాళ్లూ కలిసిన అడుగు భాగంలో. ఇసుక తవ్వే ప్రొక్లెయిన్ మొదట తొట్టి దించేదీ అక్కడే. తవ్వకానికి అనుమతి ఉందా లేదా అన్న గొడవ వేరు. అనుమతి ఉన్నచోట కూడా తవ్వే ముందు ఆ గట్టును ఒక పురావస్తు విద్యార్థి చేత ఒక పూట చూపించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఒక్క తొట్టెడు ఇసుకతో వేల ఏళ్ల వరస లారీ ఎక్కిపోతుంది. పైఠాన్ ముంగిలో 1865లో వైన్ చూసిన గట్టు లాంటిది మన దగ్గర ఇంకా మిగిలి ఉంటే, దాన్ని ఇప్పుడే చూడాలి.

అయితే మెరిసే ప్రతి రాయీ పనిముట్టు కాదు. ట్రాక్టరు చక్రం కిందా, కంకర మిషన్లోనూ కూడా రాళ్లు పెచ్చులుగా లేస్తాయి. మనిషి లేపిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు ఉంటుంది. దాని నుంచి నీళ్లలో రాయి వేస్తే వచ్చే వలయాల్లాంటి అలలు కనిపిస్తాయి. వీపు మీద ఒకటో రెండో నిలువు గట్లు సమాంతరంగా ఉంటాయి. ఒక అంచున సన్నటి చెక్కుడు ఒకే కోణంలో వరసగా సాగుతుంది. చక్రం ఇంత ఓపికగా పనిచేయదు. ఒకటి దొరికితే అనుమానించండి. ఒకే చోట పది, వాటి మధ్య గాడులు పడ్డ దిమ్మె కూడా కనిపిస్తే అక్కడ ఎవరో కూర్చుని పనిచేశారన్నమాట.

అలా కనిపిస్తే ఏరుకుని ఇంటికి తెచ్చుకోకండి. అక్కడే ఉంచి, పక్కన స్కేలో నాణెమో పెట్టి ఫోన్లో ఫొటో తీయండి, చోటు గుర్తు పెట్టుకోండి. తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా చెప్పండి, హెరిటేజ్ తెలంగాణ శాఖకు పంపండి. బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లకు ఒక మనవి. వాన వెలిశాక పిల్లల్ని ఒకసారి వాగు గట్టు మీదికి తీసుకెళ్లండి. రేగడి కడిగి గులకరాళ్లు పైకి తేలేది అప్పుడే.